అంకితం ఎవరికి?

"ఈ అధ్యయనం వల్ల శాఖకు కలిగే ప్రయోజనం." అటవీశాఖ దరఖాస్తు నమూనాలో పేరు, చిరునామా, చదువు, వెంట వచ్చేవాళ్ళ వివరాలు, వాడే పరికరాలు అన్నీ అయ్యాక ఈ గడి వస్తుంది. పైవన్నీ ఒక్క ఊపున నింపాను. దీని దగ్గర కలం ఆగింది. రాయడానికి రెండు గీతల జాగా ఇచ్చారు. మన కవులూ దార్శనికులూ వందల ఏళ్ళుగా వాదించుకుంటున్న ప్రశ్న ఆ రెండు గీతల మధ్య ఉందని నాకు అనిపించింది. తెలుసుకోవడం ఎవరికోసం? తెలుసుకున్నది ఎవరికి చెందుతుంది?

మాది ఇబ్రహీంపట్నం. ఈ మండలంలోని సర్కారు బడుల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. నల్లమలలో, అమ్రాబాద్ పీఠభూమి మీద, రాత్రిపూట తిరిగే రెక్కల పురుగుల్ని నమోదు చేస్తుంటాను. మన ఇళ్ళల్లో దీపం పురుగులంటాం కదా, అవే. చెట్ల మధ్య తెల్లబట్ట కట్టి, దాని ముందు దీపం పెట్టి, వచ్చి వాలినవాటిని ఫొటో తీసుకుని, రాసుకుని, తెల్లవారకముందే దీపం ఆర్పేస్తాను. దేన్నీ చంపను, సీసాలో వేయను. పని చిన్నదే గానీ చోటు చిన్నది కాదు. 2,600 చదరపు కిలోమీటర్లు దాటిన పులుల అడవి అది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలో అధ్యయనం చేయాలన్నా, ఫొటో తీయాలన్నా రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి అధికారి అనుమతి ఉండాలి. దానితో నా అవసరం తీరదు. రాత్రి వెంట ఉండటానికి ఒక సిబ్బంది మనిషి కావాలి, తలదాచుకోవడానికి గది కావాలి, అడవిలో జీపు కావాలి. కాబట్టి అనుమతితో పాటు సాయమూ అడుగుతాను. ఈ ఏడు మళ్ళీ అడుగుతున్నాను.

మా బడిలో తెలుగు చెప్పిన పెద్దాయన ఒకరున్నారు. అందరం పంతులు సారు అంటాం. దరఖాస్తు కాగితాలు చూపిస్తే కళ్ళద్దాలు సవరించుకుని చివరిదాకా చదివారు. "తమ్మీ, సృష్టిని చూడనీకి పోతున్నవు. మంచిదే. మరి దానికి నరుల ముందట చెయ్యి చాపుడు ఏంది?" అన్నారు. ఆయన మనసులో ఉన్నది పోతన అని చెప్పనక్కర్లేదు.

మా ఊరి నుంచి మంచాల దాటి పోతే రాచకొండ గుట్టలు కనిపిస్తాయి. సర్వజ్ఞ సింగభూపాలుడి పేరుతో ముడిపడిన రాజ్యం అది. బమ్మెర పోతన భాగవతాన్ని తనకు అంకితం ఇమ్మని ఆ ప్రభువు అడిగాడనీ, పోతన ఒప్పుకోలేదనీ, రాముడికే ఇచ్చాడనీ తరతరాలుగా చెప్పుకుంటున్నాం. ఆ కథ ఎంతవరకు చరిత్రో పండితులు తేల్చాలి. తెలుగువాళ్ళ మనసులో మాత్రం అది ధర్మశాస్త్రం అంత గట్టిగా నిలబడింది. పక్కనే శ్రీనాథుణ్ణి పెట్టి చూపించడం కూడా మన అలవాటు. రాజుల కొలువుల్లో మెలిగాడు, కనకాభిషేకం చేయించుకున్నాడు, చివరికి ఇబ్బంది పడ్డాడు అంటాం. పొలం దున్నుకున్నవాడు నిలిచాడు, కొలువు చేసినవాడు కష్టపడ్డాడు అన్న తీర్పు మనకు ఉగ్గుపాలతో వస్తుంది.

పంతులు సారు మాటకు అప్పుడు జవాబు చెప్పలేదు. తర్వాత చాలా ఆలోచించి చెప్పాను. పోతనకు కావలసినవి తాటాకు, గంటం, బతకడానికింత పొలం. మూడూ ఆయన దగ్గరే ఉన్నాయి. భగవంతుడి కథ ఆయన లోపల ఉంది, దానికి రాజు తాళం వేయలేడు. నేను చదవాల్సిన గ్రంథం నా లోపల లేదు. మన్ననూరు చెక్‌పోస్టు గేటుకు అవతల ఉంది. అడవిని చదవాలనుకున్నవాడు గేటు దగ్గర ఉన్నవాణ్ణి అడగక తప్పదు. ఆ గేటు ఉండటం మంచిదే. అది లేకపోతే నాకంటే ముందు వేటగాడు, కలప దొంగ, రిసార్టు కట్టేవాడు లోపలికి పోతారు. కాబట్టి ప్రకృతిని చదివేవాడికి పోతన దారి పూర్తిగా దొరకదు. ఆ దారిలో ఎంత దూరం పోగలడన్నదే నేను తేల్చుకోవాలనుకున్న సంగతి.

మనకంటే ముందు అడిగినవాళ్ళను చూద్దాం. 1780లలో విశాఖపట్నంలో ప్యాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేశాడు. తీరంలో దొరికే పాముల మీద ఆయన పుస్తకాన్ని 1796లో కంపెనీయే అచ్చువేయించింది. అందులో పాములకు ఊళ్ళో జనం పిలిచే పేర్లున్నాయి, కాటుక రేకుల పొడతో సహా. సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ చెట్లను చదివాడు. కోరమాండల్ తీరం మొక్కల మీద ఆయన పెద్ద గ్రంథం మొదటి సంపుటం 1795లో వచ్చింది, అదీ కంపెనీ డైరెక్టర్ల ఆజ్ఞతోనే. బొమ్మలు చూస్తే చెయ్యెత్తి మొక్కబుద్ధవుతుంది, ఆకు ఈనెలు సైతం లెక్కపెట్టుకోవచ్చు. కానీ కంపెనీ ఆ డబ్బు పెట్టింది ఆకు ఈనెల మీద ప్రేమతో కాదు. మిరియం, నీలిమందు, రంగులు, కలప, ఏవి లాభానికి పనికొస్తాయో తెలియాలి. సామర్లకోట తోటలో రాక్స్‌బర్గ్ చేసిన పెంపకం ప్రయోగాలు ఆ లెక్కకు చెందినవే. ఆ బొమ్మలు గీసిన దేశీ చిత్రకారులు ఎవరు? రస్సెల్‌కు పాముల్ని బుట్టల్లో తెచ్చి, పేరు చెప్పి, పడగ పట్టి చూపించినవాళ్ళు ఎవరు? పుస్తకాల నిండా వాళ్ళ చేతిపని, వాళ్ళ నోటిమాట ఉన్నాయి. వాళ్ళ పేర్లు మాత్రం మనకు చేరలేదు.

తర్వాతివాడు మనకు దగ్గరివాడు, సలీం అలీ. జర్మనీలో పక్షిశాస్త్రం నేర్చుకుని వచ్చేసరికి చేతిలో ఉద్యోగం లేదు. సంస్థానాల ప్రభువులకు ఒక ప్రతిపాదన పంపాడు. నాకు జీతం వద్దు, క్యాంపు ఖర్చులు, ప్రయాణం ఖర్చులు మీరు పెట్టుకోండి, మీ రాజ్యంలోని పక్షుల్ని పద్ధతిగా సర్వే చేసి ఇస్తాను అన్నాడు. హైదరాబాదు సంస్థానంలో 1931లో పని మొదలైంది. భార్య తెహమీనా ఆయన వెంట ఉండి క్యాంపు నడిపింది. మన్ననూరు, ఫర్హాబాద్ అడవుల్లో, నేను బట్ట కట్టే ప్రాంతంలోనే, ఆయన డేరా వేశాడు. ఫలితాలు 1933 నుంచి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పత్రికలో భాగాలుగా వచ్చాయి. ఆ రోజుల్లో పక్షిని తెలుసుకోవడమంటే తుపాకితో కొట్టి చర్మం భద్రపరచడమే. ఆ పని ఆయనా చేశాడు. నాకది చదివినప్పుడల్లా బాధ కలుగుతుంది. అయితే ఈ అడవిలో తొంభై ఏళ్ళ కింద ఏ పక్షి ఉండేదో ఇప్పుడు ఏది లేదో చెప్పడానికి ఆ రికార్డే ఆధారం. ఆయన జీతం వద్దన్న మాటను నేను పోతన మాట పక్కన పెడతాను. రాజు సొమ్ముతో బండికి కిరాయి కట్టి ఉండవచ్చు, మనిషి మాత్రం అమ్ముడుపోలేదు.

ఇదే అమ్రాబాద్‌కు 1940లో క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ వచ్చాడు. ఆస్ట్రియా మనిషి, యుద్ధం రోజులు. శత్రుదేశపు పౌరుడని అనుమానించదగ్గ కాలంలో నిజాం సర్కారు ఆయన్ని చెంచుల మధ్య ఉండి చదువుకోనిచ్చింది. 1943లో చెంచుల మీద ఆయన పుస్తకం వచ్చింది. తర్వాత అదే సర్కారుకు ఆయన గిరిజనుల వ్యవహారాల్లో సలహాదారయ్యాడు. చెంచుల భూములు, హక్కుల సంగతి దర్బారు చెవిన పడేలా చేశాడు. సర్కారు సాయంతో వెళ్ళినవాడు, తిరిగొచ్చి సర్కారు ముందు అడవి మనుషుల తరఫున మాట్లాడాడు. అడగడంలో దైన్యం ఉండాల్సిన పనిలేదని నాకు ఈ ఉదాహరణ చూశాక ధైర్యం వచ్చింది.

కానీ పంతులు సారు ఊరుకునే మనిషి కాదు. "నువ్వు ఏ మనసుతో ఇచ్చినా, తీసుకున్నోని మనసు నీ చేతుల్ల ఉంటదా?" అన్నారు. ఉండదు. 2019లో అదే అమ్రాబాద్ అడవిలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. అదీ సర్వేయే. దానికీ దరఖాస్తు ఉంటుంది, ప్రయోజనం రాసే జాగా ఉంటుంది. జనం కదిలారు, ఆ సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ వ్యతిరేకంగా తీర్మానం చేసింది. సర్వే అన్న పని ఎన్నోసార్లు స్వాధీనం చేసుకోవడానికి ముందడుగు అయింది. కంపెనీ కాలంలోనూ అంతే. లెక్క రాసుకున్నదాన్ని పట్టుకోవడం తేలిక. నా జాబితా కూడా ఏదో ఒకనాడు ఎవరి బల్ల మీదనో ఇంకో లెక్కలో కలవవచ్చు.

గుత్తి సాలీడు సంగతి తీసుకోండి. నీలంగా మెరిసే ఆ పెద్ద సాలీడును 1899లో గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన నమూనాను బట్టి శాస్త్రానికి పరిచయం చేశారు. వందేళ్ళ తర్వాత నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్ళీ కనిపించింది. తెలిసిందన్న సంతోషం తెలియజేసినవాళ్ళకు దక్కింది. సాలీడుకు దక్కింది మాత్రం పెంపుడు జంతువుల అంతర్జాతీయ బజారు. అందుకే ఫలానా చెట్టు, ఫలానా వాగు అని కచ్చితమైన చోటు చెప్పకుండా ఉండటం కూడా ఇప్పుడు ఈ విద్యలో నియమం కావాలి. మన పెద్దలు మంత్రానికి పెట్టిన గోప్యత ఎందుకో నాకు ఎన్నడూ మింగుడు పడలేదు, అది చాలామందిని చదువుకు దూరం చేసింది. ఒక నిస్సహాయ ప్రాణి ఇంటి చిరునామా దాచడం మాత్రం పూర్తిగా ధర్మమే.

ఇంత చెప్పాక ఇక అడగడమే మానేయాలి కదా అనవచ్చు. ఆ ముగింపు నాకు సమ్మతం కాదు. దానికి కారణం మా ఊరి పెద్ద చెరువు. ఇబ్రహీం కులీ కుతుబ్ షా 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలాడు, ఊరి పేరూ చెరువూ ఆ కాలం నుంచే అని చెప్పుకుంటాం. రాజు చెరువు కట్టించేది ఆయకట్టు కోసం, ఆయకట్టు మీద శిస్తు కోసం. చెరువు ఏళ్ళ తరబడి ఎండి, నడిమధ్యలో పశువులు మేసిన రోజులు నా కళ్ళారా చూశాను. ఈ మధ్యటి పెద్ద వానలకు మళ్ళీ నిండింది. నిండిన ఏడు చలికాలం కట్ట మీద నిలబడితే వలస బాతులు నీళ్ళ మీద బారులు తీరి కనిపించాయి. వాటికోసం ఎవరూ ఫర్మానా రాయలేదు. దాత ఉద్దేశం ఎంత ఇరుకైనా కట్ట గట్టిగా కట్టినవాడి పని దానికంటే విశాలంగా పారుతుంది. ఇక్కడ నాకు కనిపించిన ధర్మసూక్ష్మం ఇది: ఇచ్చేవాడి ఉద్దేశం పనిని పూర్తిగా బంధించలేదు. చేసేవాడి నిజాయితీ దాన్ని దాటించగలదు.

చేసేవాడు ఎవరికి రుణపడి ఉన్నాడన్నది మిగిలింది. మన శాస్త్రం మనిషి అప్పుతో పుడతాడంటుంది. దేవతల అప్పు, రుషుల అప్పు, పితరుల అప్పు. రుషుల అప్పు తీరేది చదువుతోనే. గృహస్థు రోజూ చేయాల్సిన ఐదు యజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి, తోటి ప్రాణులకు పెట్టాల్సిన ముద్ద. పురుగును చదవడానికి అడవికి పోయేవాడి పనిలో ఈ రెండూ కలిసి ఉన్నాయని నా నమ్మకం. రుషి అంటే జడలు కట్టిన మునే కానక్కర్లేదు. నాకంటే ముందు చూసినవాడు, చూసింది దాచుకోకుండా చెప్పినవాడు నాకు రుషి. రస్సెల్‌కు పాము పేరు చెప్పిన అనామకుడు రుషి. అలా చూస్తే అప్పు పట్టికలో అనుమతి ఇచ్చిన అధికారికి ఉండేది కృతజ్ఞత, అదీ మనసారా చెప్పుకోవాల్సిందే. అసలు అప్పు మాత్రం వేరేవాళ్ళకు.

ఈ మాట నాకు పుస్తకంలో దొరకలేదు, ఒక రాత్రి మన్ననూరు అవతల తెల్లబట్ట దగ్గర తెలిసింది. నల్లమద్ది చెట్ల మధ్య కట్టాం. చిన్నవి వందలుగా వచ్చి ముసురుతుండగా అరచెయ్యంత పురుగొకటి వచ్చి బట్ట అంచున వాలింది, దసలి పట్టు పురుగు. పసుపు కలిసిన గోధుమ రంగు. నాలుగు రెక్కల మీదా ఒక్కొక్క గుండ్రటి కన్ను, ఆ కన్ను మధ్యలో రంగు లేదు, పొలుసు లేదు, గాజులాంటి పొర. దీపం కాంతిలో ఆ పొరలోంచి వెనకున్న బట్ట నేత, పడుగూ పేకా విడివిడిగా కనిపించాయి. ఈ పురుగుకు రెక్కలొచ్చాక తినడానికి పనిచేసే నోరు ఉండదు. గొంగళిగా ఉన్నప్పుడు మద్ది ఆకు తిని దాచుకున్నదే చివరిదాకా ఇంధనం. కొద్ది రోజులు బతికి, జతకట్టి, గుడ్లు పెట్టి పోతుంది. ఏమీ తినని ప్రాణికి శాఖ దగ్గర అడగాల్సింది ఏముంటుంది? దాని గూడు నుంచి మనం పట్టు తీశాం, చీర నేశాం, పెళ్ళిపీటల మీద కూర్చున్నాం. ఇచ్చిపుచ్చుకోవడంలో బాకీ పూర్తిగా మన వైపే ఉంది.

అప్పుడు నా పక్కన ఇద్దరున్నారు. ఒకరు శాఖ మనిషి, ఇంకొకరు దగ్గరి పెంట, అంటే చెంచుల గూడెం, నుంచి వచ్చిన చెంచు పెద్దాయన. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. నేను నోట్‌బుక్కులో రాసుకోవడం చూసి అడిగాడు: "ఇదంత రాస్తున్నవు గద సారూ, రాసినంక ఎవరికిస్తవు?" డిపార్టుమెంటుకు ఒక కాపీ ఇవ్వాలి అన్నాను. "మరి మాకు?" అన్నాడు. నిష్ఠూరం లేదు ఆ గొంతులో, పంట పంచుకునేటప్పుడు అడిగినట్టు మామూలుగా అడిగాడు. ఆ పురుగు ఏ చెట్టు ఆకు తింటుందో, ఏ నెలలో గూడు కడుతుందో నాకు చెప్పింది ఆయనే. సగం నోట్‌బుక్కు ఆయన మాటే. పోతన ఎదుర్కొన్న ప్రశ్న నాకు ఆ రాత్రి ఆయన నోట వచ్చింది. అంకితం ఎవరికి?

దీనికి గట్టి సమాధానం మన కడప జిల్లాలో ఉంది. కలివికోడి అనే పక్షి 1848లో శాస్త్రానికి తెలిసింది. 1900 తర్వాత కనబడకపోయేసరికి అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం తరఫున వెతుకుతున్న భరత్ భూషణ్‌కు రెడ్డిపల్లి దగ్గర అది దొరికింది. వెతకడానికి సంస్థ ఉంది, నిధులున్నాయి. పక్షిని నిజంగా చూపించింది మాత్రం స్థానిక వేటగాడు ఐతన్న. రాత్రి పొదల్లో ఆ పక్షి ఎక్కడ తిరుగుతుందో ఆయనకు తెలుసు. రస్సెల్ కాలంలో ఆయన పేరు పోయేది. ఈసారి పోలేదు. కలివికోడి కథ చెప్పే ప్రతిచోటా ఐతన్న పేరు వస్తుంది. రెండేళ్ళలో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తర్వాత తెలుగుగంగ కాలువ ఆ పక్షి ఉండే నేల మీదుగా రాబోతే దారి మళ్ళించాల్సి వచ్చింది. అధికారం కట్టే కాలువను మళ్ళించగలిగింది, అధికారాన్ని అడిగి తెచ్చుకున్న జ్ఞానమే. ఆ పక్షి అక్కడ ఉందని ఎవరూ రాయకపోయి ఉంటే కాలువ నేరుగా పోయేది. పంతులు సారు అడిగినదానికి ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు. రాయడం ప్రమాదమే. రాయకపోతే దిక్కులేకుండా పోవడం అంతకంటే పెద్ద ప్రమాదం.

ఆయన ఈసారి ఒప్పుకున్నారు, ఒక షరతుతో. "అడుగు. తలొంచి అడగకు. వచ్చినంక ఎవరిది వాళ్ళకియ్యి." ఆ షరతు నాకు సమ్మతమే. అందుకే శాఖకు కలిగే ప్రయోజనం అన్నచోట ఉన్నదున్నట్టు రాశాను. ఈ అడవిలో ఏముందో శాఖకు తెలుస్తుంది, ఉన్నది పోతే పోయిందని తెలుస్తుంది. దాని కింద ఇంకో వాక్యం చేర్చాను, నివేదిక తెలుగు ప్రతి పెంటలోని చెంచులకు, మన్ననూరు బడికి కూడా ఇస్తానని, పేర్లు చెప్పినవాళ్ళ పేర్లు, వాళ్ళు సమ్మతిస్తే, మొదటి పేజీలో ఉంటాయని. జాగా చాలక అంచున రాశాను.

చదివేవాళ్ళకు ఒక విన్నపం. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి గ్రామ పంచాయతీలో, మున్సిపాలిటీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ఆ ఊరి చెట్లు, ప్రాణులు, వాటి గురించి జనానికి తెలిసిన సంగతులు రాసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. మీ ఊరి ఆఫీసుకు వెళ్ళి ఆ రిజిస్టర్ చూపించమని అడగండి. ఉంటే తెరిచి చదవండి, మీ ఊళ్ళో పెద్దవాళ్ళకు తెలిసినవి అందులో ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఆ పెద్దవాళ్ళను కూర్చోబెట్టుకుని, వాళ్ళ పేర్లతో సహా, రాయడం మొదలుపెట్టండి.